మూలలో సందు లప్పంతో పోదు: సీలింగ్ కార్నీస్ కోత, బిగింపు

మీరు అడిగింది ఇదీ: 12×14 అడుగుల హాలు. సీలింగ్ అంచు చుట్టూ పెట్టడానికి 8 అడుగుల పీయూ (పాలీయురేతేన్ అనే తేలికపాటి ప్లాస్టిక్ నురగ) కార్నీస్ బద్దలు ఎనిమిది తెచ్చారు. ఒక్కో బద్ద గోడ మీద 4 అంగుళాలు, సీలింగ్ మీద 4 అంగుళాలు ఆనుతుంది. మీరూ మీ బావమరిదీ కలిసి మైటర్ బాక్స్‌లో, అంటే కోణంలో కోయడానికి గాళ్లున్న పెట్టెలో, 45 డిగ్రీల గాడిలో కోశారు. అంటించకుండా ఊరికే పెట్టి చూస్తే గోడ దగ్గర అంచులు చక్కగా కలుస్తున్నాయి, సీలింగ్ దగ్గర మాత్రం అర అంగుళం సందు. నాలుగు మూలల్లోనూ అదే తీరు, కిటికీ పక్క మూలలో ఇంకాస్త ఎక్కువ. కార్పెంటర్ "లప్పం పెట్టేస్తే కనపడదు" అన్నాడు. గోడలు వంకరా, మా కోత తప్పా అని మీ సందేహం.

ముందుగా, అంటించకుండా పెట్టి చూడటం చాలా మంచి పని అయింది. అర అంగుళం సందులో లప్పం పెట్టకండి. ఎండే కొద్దీ అది కుంచించుకుపోతుంది, ఒక వేసవి దాటేసరికి అదే గీత మీద పగులు పడుతుంది. పైగా కార్నీస్ మీది వంపు గీతలు మూల దగ్గర ఒకదానితో ఒకటి కలవాలి. లప్పం మెత్తేస్తే ఆ గీతలు మూలకి రాకముందే ముద్దగా ఆగిపోతాయి. సాయంత్రం లైటు వేయగానే అన్నిటికన్నా ముందు కనపడేది ఆ ముద్దే.

మీ సందేహానికి జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. నాలుగు పలకల గదిలో నాలుగు మూలల కోణాలూ కలిపితే 360 డిగ్రీలు. ఒక మూల 90 దాటితే ఇంకెక్కడో ఒక మూల 90కి తగ్గి తీరాలి. నాలుగూ ఒకేసారి 90 కంటే పెద్దవి కావడం కుదరదు. కాబట్టి నాలుగు మూలల్లోనూ సందు ఒకేవైపు వచ్చిందంటే అది గోడల తప్పు కాదు, బద్ద మైటర్ బాక్స్‌లో కూర్చున్న తీరులో తప్పు. కిటికీ పక్క మూలలో "ఇంకాస్త ఎక్కువ" ఉందే, ఆ అదనం మాత్రమే గోడది. రెండు తప్పులు కలిసి ఒకటిగా కనపడుతున్నాయి. విడివిడిగా చూద్దాం.

మైటర్ బాక్స్‌లో బద్దని తలకిందులుగా పెట్టాలి. సీలింగ్‌కి ఆనే అంచు బాక్స్ అడుగున, గోడకి ఆనే అంచు బాక్స్ నిలువు చెక్కకి. అంటే బాక్స్ అడుగే సీలింగ్, దాని నిలువు చెక్కే గోడ అనుకోవాలి. మీరు కూడా అలాగే పెట్టి ఉంటారు, లేకపోతే సందు అర అంగుళంతో ఆగేది కాదు. బద్దని వెల్లకిలా పరిచి 45లో కోస్తే రెండు అంగుళాలకి పైగా నోరు తెరుచుకుంటుంది. మీ దగ్గర జరిగింది ఏమిటంటే, రంపం ఆడుతున్నప్పుడు కింది అంచు నెమ్మదిగా ముందుకి జారింది. నిలువు చెక్క నుంచి కింది అంచు 4 అంగుళాల దూరంలో, అంటే సుమారు 100 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అది 109కి జారితే సీలింగ్ వైపు ఒక్కో ముక్కలో 9 మిల్లీమీటర్లు ఎక్కువ తెగిపోతుంది. రెండు ముక్కలూ మూలలో అడ్డంగా కలుస్తాయి కాబట్టి ఐమూలగా కొలిస్తే సందు పన్నెండు పదమూడు మిల్లీమీటర్లు, అంటే మీరు చెప్పిన అర అంగుళమే. ఎవరి చేతి బలాన్నీ నమ్ముకుని బద్దని కదలకుండా పట్టుకోవడం సాధ్యం కాదు, ఇద్దరు పట్టుకున్నా అంతే.

దీనికి మందు చిన్నది. ముందు బద్ద ముక్క ఒకటి తీసుకుని గోడకీ సీలింగ్‌కీ ఆనించి, సీలింగ్ మీద దాని అంచు వెంట పెన్సిల్ గీత గీయండి. గోడ నుంచి ఆ గీతకి ఎంత దూరమో టేపుతో కొలవండి. అదే దూరంలో మైటర్ బాక్స్ అడుగు మీద గీత గీసి, ఆ గీత వెంట సన్నటి చెక్క బద్ద ఒకటి మేకులతో బిగించండి. ఇక కార్నీస్ కింది అంచు ఆ చెక్కకి తగిలి ఆగుతుంది. ఎంత రంపం ఆడినా జారదు. షాపుల్లో దొరికే చిన్న ప్లాస్టిక్ మైటర్ బాక్సుల్లో 4 అంగుళాల కార్నీస్ సరిగా కూర్చోదు, పై అంచు బాక్స్ దాటి పైకి వస్తుంది. మీది అలాంటిదైతే 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు మూడు కలిపి ఒక బాక్స్ చేయించుకోండి. గాళ్లు కోయించేటప్పుడు మూలమట్టం పెట్టి 45 సరిచూసుకోవాలి. గాడే తప్పైతే తర్వాత చేసినవన్నీ తప్పుతాయి.

బద్ద తలకిందులుగా ఉంటుంది కాబట్టి కుడి ఎడమలు మారిపోతాయి. ఎక్కువ బద్దలు పాడయ్యేది ఇక్కడే. దీనికి నేను నమ్ముకునే గుర్తు ఒకటే: లోపలి మూలకి గోడ అంచు పొడుగు, సీలింగ్ అంచు పొట్టి. స్తంభం దగ్గర వచ్చే బయటి మూలకి గోడ అంచు పొట్టి, సీలింగ్ అంచు పొడుగు. ఎటు తిప్పినా, ఎలా పెట్టినా ఇది మారదు. కాబట్టి కొలత ఎప్పుడూ గోడ అంచుకే తీసుకోండి. గోడ కొలతా గోడ అంచు కొలతా ఒకటే. కోసే ముందు బద్దని దాని చోట ఎత్తి పెట్టి, కోత ఏ వాలున పోవాలో ముఖం మీద పెన్సిల్‌తో ఉజ్జాయింపుగా గీసుకోండి. వీపు మీద ఒక అంచున "గోడ", ఇంకో అంచున "సీలింగ్" అని రాసుకోండి. మీ కార్నీస్ రెండు వైపులా 4 అంగుళాలే కాబట్టి తిరగేసి పెట్టినా తేడా తెలియదు, కానీ దాని మీది డిజైన్ తిరగబడుతుంది. 3 అంగుళాలు ఒకవైపు, 5 ఇంకోవైపు ఉండే రకమైతే ఒక్క ముక్క తిరగేసినా ఆ మూల కలవదు.

ఇప్పుడు గోడ సంగతి. మేస్త్రీలు పునాదికి మట్టం చూసే 3-4-5 లెక్కే ఇక్కడా పనికొస్తుంది. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, ఇంకో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టండి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల 90. అంగుళం ఎక్కువ వస్తే మూల 2 డిగ్రీలు పెద్దది, అంగుళం తక్కువ వస్తే 2 డిగ్రీలు చిన్నది. మీ 4 అంగుళాల కార్నీస్‌కి 2 డిగ్రీల తేడా అంటే దాదాపు 5 మిల్లీమీటర్ల సందు. మూల పెద్దదైతే సందు సీలింగ్ అంచున వస్తుంది, చిన్నదైతే గోడ అంచున వస్తుంది. ఈ కొలత నేల దగ్గర కాదు, సీలింగ్ కిందే తీయాలి. కింద మట్టంగా ఉన్న గోడ పైకి వెళ్లేసరికి వంగి ఉండటం మన ఫ్లాట్లలో మామూలే. ప్లాస్టరింగ్ చేసేటప్పుడు చివరి అడుగు దగ్గర తాపీ సరిగా తిరగదు, అక్కడ సిమెంటు దళసరిగా ఉండిపోతుంది.

అయితే డిగ్రీలు కొలవడం కంటే మేలైన పద్ధతి ఉంది. ఇందులో లెక్కే లేదు. ఒక అడుగు పొడవున్న కార్నీస్ ముక్కని మూలలో ఒక గోడకి ఆనించి, సీలింగ్ మీద దాని అంచు వెంట రెండో గోడ దాకా గీత గీయండి. అదే ముక్కని రెండో గోడకి ఆనించి అలాగే గీయండి. రెండు గీతలూ ఒక చోట ఖండించుకుంటాయి. మూలకి వచ్చే రెండు ముక్కల సీలింగ్ అంచులూ కలవాల్సింది సరిగ్గా ఆ బిందువు దగ్గరే. గోడ అంచులు కలవాల్సింది మూలలో. ఇప్పుడు కోయబోయే బద్దని దాని చోట పెట్టి, సీలింగ్ అంచు మీద ఆ బిందువునీ, గోడ అంచు మీద మూల చివరనీ గుర్తు పెట్టండి. ఈ రెండు గుర్తులనీ కలుపుతూ రంపం పోతే చాలు. ఆ మూల 88 అయినా, 93 అయినా, బే కిటికీ (గోడ బయటికి పొడుచుకొచ్చే కిటికీ) దగ్గర 135 అయినా ఇదే పద్ధతి. బాక్స్‌లోని 45 గాడి ఈ గుర్తులతో కలిస్తే గాడిలో కోయండి. కొద్ది డిగ్రీల తేడా ఉంటే, గుర్తులు దాటకుండా రెండు మిల్లీమీటర్లు వదిలి గాడిలో కోసి, మిగిలినది గరుకు కాగితం చుట్టిన చెక్కతో గుర్తుల దాకా అరగదీయండి. 135 లాంటి మూలకి 45 గాడి పనికిరాదు, గుర్తుల వెంటే కోయాలి. పీయూ మెత్తని సరుకు, తేలిగ్గా అరుగుతుంది. మీ కిటికీ పక్క మూలకి తప్పకుండా ఇలాగే చేయాలి. ఈ గీతలు ప్రతి మూలలోనూ గీసేదాకా ఒక్క బద్ద కూడా కోయవద్దనే చెబుతాను.

రంపం సన్న పళ్లది కావాలి. చెట్లు కోసే రకం రంపం పెడితే అంచులు పెళ్లలుగా లేస్తాయి. పీయూకి టెనన్ రంపం (వీపు మీద గట్టి పట్టీ ఉండే సన్న పళ్ల చేతి రంపం) బాగుంటుంది, అది లేకపోతే కొత్త హాక్సా బ్లేడు. ముఖం వైపు నుంచి మొదలుపెట్టి, నొక్కకుండా, పొడుగు లాగుళ్లతో కోయాలి. చివరి అర అంగుళంలో తొందరపడితే అంచు విరుగుతుంది. బద్ద రెండో కొస గాలిలో వేలాడకుండా బాక్స్ ఎత్తుకి సరిపడా స్టూలు వేసుకోండి. అది వేలాడినా బద్ద మెలితిరిగి కోత తప్పుతుంది.

పీయూకి తెచ్చిన జిగురే థర్మాకోల్ కార్నీస్‌కి వాడవచ్చా అని కూడా రాశారు, బెడ్‌రూమ్‌కి అది చూస్తున్నారు కదా. వాడకముందు తుక్కు ముక్క మీద చూడండి. ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగుర్లు, థిన్నర్ కలిసినవి థర్మాకోల్‌ని కరిగించేస్తాయి. నీటితో కలిసే అక్రిలిక్ జిగురే దానికి సరైంది. థర్మాకోల్ నిప్పు తగిలితే కరిగి, మండుతూ చుక్కలుగా కారుతుంది. కాబట్టి వంటింట్లో, దేవుడి గది దగ్గర వద్దు. పడకగదిలో పెట్టినా దాని మీద ఆయిల్ పెయింట్ వేయకండి. నన్నడిగితే కొంచెం ఖర్చు ఎక్కువైనా అక్కడ కూడా పీయూ పెట్టుకోండి.

జిగురు ఎంత మంచిదైనా కింద ఉన్న పొర గట్టిగా లేకపోతే లాభం లేదు. కార్నీస్ ఊడిపడిందని చూపించే ముక్కల వీపు చూడండి, జిగురు దాన్నే పట్టుకుని ఉంటుంది. దాంతోపాటు సున్నమో, డిస్టెంపరో, లప్పమో ఊడి వచ్చి ఉంటుంది. ఏళ్ల తరబడి సున్నం కొట్టిన పాత ఇళ్లలో ఈ సమస్య ఎక్కువ. మీది పాత ఫ్లాట్ అంటున్నారు కాబట్టి కార్నీస్ ఆనే మేర, అంటే గోడ మీదా సీలింగ్ మీదా గీత లోపలి భాగం, లప్పం పెట్టే పట్టీతో గీకి చూడండి. పొడి రాలితే సిమెంటు కనపడేదాకా గీకాలి. తర్వాత దుమ్ము తుడిచి ఒక కోటు ప్రైమర్ వేసి, ఆరాక అంటించండి. నున్నటి ఎనామిల్ ఉంటే గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. చెమ్మ మరక కనిపిస్తే అసలు పని మొదలుపెట్టకండి. ముందు స్లాబు పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక వాన చూసి, అప్పుడే లోపలి పని.

అంటించే ముందు గోడ మీద రంగు దారం కొట్టుకోండి. సీలింగ్ మట్టంగా ఉందని నమ్మవద్దు. స్లాబు సెంట్రింగ్ ఎక్కడ కిందకి జారితే అక్కడ కడుపు వస్తుంది. ముక్కని నాలుగైదు చోట్ల ఆనించి గోడ మీద గుర్తులు పెట్టి, అన్నిటికన్నా కిందకి ఉన్న గుర్తుని పట్టుకుని దారం కొట్టాలి. కార్నీస్ గోడ అంచు ఆ గీత మీదే నడవాలి. సీలింగ్ వైపు అక్కడక్కడా రెండు మూడు మిల్లీమీటర్ల సందు వస్తే పరవాలేదు, అది ఫిల్లర్‌తో పోతుంది. గోడ అంచు వంకరగా పోతే మాత్రం కింద సోఫాలో కూర్చున్నవాళ్లకి కనపడుతూనే ఉంటుంది.

జిగురు రెండు అంచులకీ గీతలా పెట్టండి, మూల కొసలకి కూడా. గీత మీద పెట్టి, అంచు వెంట సన్నగా బయటికి వచ్చేదాకా నొక్కి, తడిగుడ్డతో వెంటనే తుడిచేయండి. ఆరేదాకా నిలబడటానికి గోడ అంచు కింద రెండు మూడు చోట్ల సన్న స్టీలు మేకులు సగం దాకా కొట్టి ఉంచి, మర్నాడు పీకేస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: స్విచ్ బోర్డుకి నిలువుగా పైన ఎక్కడా మేకు కొట్టకండి, డ్రిల్ పెట్టకండి. మన ఇళ్లలో కరెంటు పైపులు స్లాబులోంచి గోడలోకి దిగేది అక్కడే. ఏసీ ఇండోర్ యూనిట్ పైన కూడా చూసుకోండి. దాని పై నుంచి గాలి లోపలికి వెళ్తుంది, కంపెనీ చెప్పిన ఖాళీ కార్నీస్ మూసేయకూడదు.

పొడుగు గోడ మీద రెండు బద్దలు కలిసే చోట నిలువు కోతకి కోత ఆనించకుండా, అక్కడ కూడా 45 గాడిలోనే కోసి ఒకదాని మీద ఒకటి వచ్చేలా కలపండి. ఆ అతుకు గుమ్మంలోంచి రాగానే ఎదురుగా కనపడే చోట రాకూడదు. ప్రతి గోడకీ చివరి ముక్కని రెండు మిల్లీమీటర్లు పొడుగ్గా కోసి, మధ్యలో కాస్త వంచి, రెండు కొసలూ కూర్చున్నాక లోపలికి నొక్కండి. ఆ బిగువుతో మూలలు వాటంతట అవే దగ్గరపడతాయి. స్తంభం దగ్గర వచ్చే చిన్న ముక్కలు చేతిలో నిలవవు. వాటిని పొడుగు బద్ద కొస మీదే కోసి, చివరికి విడగొట్టుకోండి.

మీది పై అంతస్తు అన్నారు, అది ముఖ్యం. మే నెల ఎండకి స్లాబు వేడెక్కి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గోడ దానితోపాటు కదలదు. అందుకే పై అంతస్తుల్లో గోడా స్లాబూ కలిసే చోట అడ్డంగా సన్నటి పగులు వస్తుంటుంది. కార్నీస్ కూర్చునేది సరిగ్గా ఆ అతుకు మీదే. దాని అంచుల్లో గట్టి లప్పం పెడితే ఒక ఏడాదిలో వెంట్రుకంత పగులు మళ్లీ వస్తుంది. అంచులకి సాగే గుణమున్న అక్రిలిక్ సీలెంట్ వాడండి. సిలికాన్ వద్దు, దాని మీద రంగు పట్టదు. వేలిని తడిచేసి సీలెంట్‌ని ఒక్క లాగులో నున్నగా చేయాలి. మళ్లీ మళ్లీ తడిమితే గరుకు తేలుతుంది. మూల కోతలో మిగిలే సన్నటి గీతకి కూడా ఇదే, ఆరాక ఇంకో పలచటి కోటు. మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల దాకా ఇది చక్కగా పనిచేస్తుంది. అంతకన్నా పెద్దదైతే మళ్లీ కోయడమే.

పీయూ కాదని పీఓపీ చేయించుకోమని కూడా మీకు ఎవరో చెప్పారట. గది బాగా వంకరగా ఉంటే అది మంచి సలహానే. పీఓపీ పనివాళ్లు కార్నీస్ ఆకారంలో రేకుతో చేసిన ఫర్మాని (అచ్చుని) గోడ వెంట లాగుతూ కార్నీస్‌ని అక్కడికక్కడే పోస్తారు, మూలల్ని చేత్తో దిద్దుతారు. వంకర అందులో కలిసిపోతుంది. కానీ అది సాధన ఉన్న చేతుల పని. కలిపిన పీఓపీ నిమిషాల్లో గట్టిపడుతుంది. గట్టిపడటం మొదలయ్యాక నీళ్లు పోసి మళ్లీ కలిపితే బలం ఉండదు. రెడీమేడ్ పీఓపీ బద్దలు బరువు కాబట్టి జిగురుతోపాటు స్క్రూలు కూడా పడాలి. మీ ఇద్దరికీ నేనైతే అది చెప్పను. మీ గదిలో ఒక్క మూలే తేడాగా ఉంది, దానికి పీయూ చాలు.

చివరిగా బద్దల లెక్క. "8 అడుగులు" అని అమ్మే పీయూ బద్ద చాలావరకు 2.4 మీటర్లే ఉంటుంది, అంటే 7 అడుగుల 10½ అంగుళాలు. మీ గది చుట్టుకొలత 52 అడుగులకి ఏడు బద్దలు సరిపోతాయని కాగితం మీద వస్తుంది, కానీ 12 అడుగుల గోడల రెండో ముక్కలు ఏటవాలు అతుకుతో కలిపి నాలుగున్నర అడుగుల చొప్పున పడతాయి. ఒకే బద్దలోంచి ఆ రెండూ రావు. అందుకే ఎనిమిది పట్టాయి. ఇప్పుడు కొసలు సరిచేస్తే ప్రతి ముక్కా గోడ అంచు దగ్గర సెంటీమీటరు దాకా తగ్గుతుంది. అయినా పెద్దగా వృథా ఉండదు. నాలుగు నిండు బద్దల కొసలూ తిరిగి కోసి యథాస్థానంలో వాడండి. 14 అడుగుల గోడల రెండో ముక్కలు, ఆరున్నర అడుగులవి, ఇక వాటికి చాలవు కాబట్టి తగ్గించి 12 అడుగుల గోడలకి వేయండి. ఇప్పుడున్న నాలుగున్నర అడుగుల ముక్కలు, గదిలో స్తంభం ఉంటే, దాని చుట్టూ వస్తాయి. 14 అడుగుల గోడల కోసం కొత్తగా రెండు బద్దలు తెచ్చుకుంటే పని పూర్తవుతుంది. కొనేటప్పుడు పాత ముక్క ఒకటి షాపుకి తీసుకెళ్లి డిజైన్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకే నంబరు రాసి ఉన్నా వేరే లాటులో వంపు మిల్లీమీటరు అటూ ఇటూ ఉండొచ్చు, అతుకు దగ్గర అది వేలికి తగులుతుంది.